ఫస్ట్ పరేడ్‌లో లేని పన్నెండో గడి

సైన్యంలో వెహికిల్ మెకానిక్‌గా పనిచేసి, హవల్దార్ హోదాలో రిటైరై సూర్యాపేటకు వచ్చాక చాలాకాలం జనరేటర్ల మరమ్మతు చేశాను. ఇప్పుడు ఆ పనీ మానేశాను. మానేసే ముందటి ఏడాది, దసరా మర్నాడు ఉదయం, కోదాడ దగ్గర కోడిగుడ్లు పొదిగించే ఒక హేచరీలో పడిన డ్యూటీ గురించి చెబుతాను.

సైన్యం కాలం తీరిన వాహనాలను వేలంలో అమ్మేస్తుంది. మావైపు వాటిని డిస్పోజల్ బండ్లు అంటారు. నా దగ్గర అలాంటి లారీ ఒకటి, దాని వెనక తగిలించుకుపోయే జనరేటర్ ఒకటి ఉండేవి. మిర్యాలగూడ మిల్లులవాళ్లు ఏరికోరి ఆ జనరేటర్‌నే అడిగేవారు. బండి కదిలే ముందు చేసే తనిఖీని సైన్యంలో ఫస్ట్ పరేడ్ అంటారు. ఆయిలు, నీళ్లు, బెల్టు, బ్యాటరీ, ఇలా నా కాగితంలో పదకొండు గడులు. అన్నిటికీ టిక్కు పెట్టి సంతకం చేయందే నేను తాళంచెవి ముట్టుకోను. ఆ విషయంలో నాకు గర్వం కాస్త ఎక్కువే.

దసరా నాడు రెండింటినీ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. ఆ పని కూడా ఇంకొకరికి వదలను. ఆ రాత్రి గాలివానకు కోదాడ వైపు కరెంటు స్తంభాలు కూలిపోయాయి. పొద్దున్నే హేచరీ నడిపే రమాదేవి గారు ఫోన్ చేశారు.

"అన్నయ్యా, మా జనరేటర్ నీళ్లలో మునిగిందండీ. గుడ్లకి ఇవాళ ఇరవై ఒకటో రోజు, పిల్లలు బయటికి రావాలి. పొదిగే పెట్టెలు చల్లబడితే లోపలే చచ్చిపోతాయి. కిందటి బ్యాచ్ జబ్బుతో పోయింది. ఇదీ పోతే షెడ్డు మూసెయ్యడమే."

పదకొండు గడులూ నింపి బయలుదేరాను. నా భార్య లక్ష్మి పక్క సీట్లోకి ఎక్కి కూర్చుంది. "నీ మోకాళ్లతోని ఎక్కుడు దిగుడు అయితదా? నేను గూడ వస్త, నడు" అంది.

కోదాడ ఇంకా కొంత దూరముందనగా వాగు రోడ్డెక్కి పారుతోంది. బస్సులు, కార్లు వరసగా ఆగిపోయాయి. దిగి కర్రతో లోతు చూశాను. ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందించే లివర్ వేసి, మొదటి గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా దాటించాను. గట్టు మీద జనం ఈలలు వేశారు. నాకు ఛాతీ పొంగింది. దాచుకోవడం ఎందుకు?

హేచరీలో జనరేటర్‌ను మొదట ఐదు నిమిషాలు లోడు లేకుండా నడిపి, వోల్టేజి చూసి, ఫ్యాన్లు సరైన దిక్కుకే తిరుగుతున్నాయని తేల్చుకుని, ఒక్కొక్క పెట్టెనూ కలిపాను. వేడి మెల్లగా ఎక్కుతోంది. ఇరవై నిమిషాలకు ఇంజను ఆగిపోయింది.

డీజిల్ పైపులో గాలి చేరిందనుకున్నాను. ట్యాంకు మూత తీసి డీజిల్ చూసి, మూత బిగించి, పంపు దగ్గర స్క్రూ వదులు చేసి గాలి తీశాను. నడిచింది. ఇరవై నిమిషాలకు మళ్లీ ఆగింది. ఈసారి కూడా మూత తీసి చూసి, ఫిల్టర్ మార్చాను. మూడోసారీ అంతే. రమాదేవి గారు పెట్టె అద్దానికి చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆమె తిట్టినా బాగుండేదనిపించింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఈసారి మూత లక్ష్మి తీసింది. "సూడు, తీసినప్పుడల్లా ఇది కుస్సుమని గాలి పీలుస్తది. ఇందాక నువ్వు తీసినప్పుడు గూడ గిట్లనే అన్నది. ఇంజన్ల మోతకు నీ చెవులు ఎప్పుడో ఖతమైనయి, నీకేం ఇనబడ్తది?"

మూత చేతిలోకి తీసుకుని చూశాను. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి పోవాలి. అందుకు మూత మధ్యలో సూదిమొనంత రంధ్రం ఉంటుంది. అది ఎండిన పసుపుతో పూడుకుపోయింది. పైన కుంకుమ బొట్టు. గాలి అందక డీజిల్ పంపు దాకా రావడం లేదు. మూత తీసినప్పుడల్లా గాలి పోయి, మరో ఇరవై నిమిషాలు నడుస్తోంది. ఆ బొట్టు పెట్టిన వేలు నాదే.

లక్ష్మి పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసిచ్చింది. రంధ్రం పొడిచి, ఊది, మూత బిగించాను. ఇరవై నిమిషాలు దాటాయి. గంట దాటింది. కరెంటు వచ్చే సాయంత్రం దాకా ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. మధ్యాహ్నం రమాదేవి గారు పెట్టె తలుపు తీస్తే, ట్రేల నిండా తడి ఆరని పసుపు పిల్లలు. వాటి కిచకిచలు ఇంజను మోతను దాటి, ఖతమైన నా చెవులకు కూడా వినిపించాయి. "బతికాయన్నయ్యా!" అని ఆమె ఏడుస్తూ నవ్వారు. నా సర్వీసు మొత్తంలో అంత సంతోషం ఏ పతకమూ ఇవ్వలేదు.

ఆ రోజు నేర్చుకున్నది ఇంతే. మనం చేసిన పనిని మనమే తనిఖీ చేస్తే, మన తప్పు మనకు కనిపించదు. ఇంటికి రాగానే ఫస్ట్ పరేడ్ కాగితంలో పన్నెండో గడి గీశాను: ట్యాంకు మూత, గాలి రంధ్రం. ఆ గడిలో సంతకం లక్ష్మిది.