ఆల్ప్స్ ఏట్లో చెలమ

2023లో నేను ధర్మవరం దగ్గర, చిత్రావతి ఒడ్డునున్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. మా బళ్లలో ఒక చిన్నచూపు ఉంది. ప్రదర్శనలంటే సైన్సువాళ్లవి, సోషల్‌వాళ్లు మ్యాపులు వేలాడదీసుకుంటే చాలు. ఆ ఏడు జిల్లా ప్రదర్శనకు సోషల్ నుంచి కూడా వర్కింగ్ మోడల్, అంటే పనిచేసి చూపే నమూనా, పంపవచ్చన్నారు. నాకు పంతం పట్టింది. చేస్తే ఆల్ప్స్ మంచుకొండల్లో పుట్టే ఏరే చేయాలనుకున్నాను.

ఆ పని తొమ్మిదో తరగతి గంగాదేవికి అప్పగించాను. బోరు ఎండిపోయి, చెనిక్కాయ పంట పోయి వాళ్ల నాయన ఓబులేసు బెంగళూరు కట్టుబడి పనులకు మూట సర్దుకున్నాడు. చిన్నపిల్లల్ని చూసుకోవడానికి గంగాదేవినీ తీసుకుపోతానన్నాడు. పోతే చదువు అంతటితో సరి. హాస్టల్లో చేర్పిద్దామని ఎంత చెప్పినా వినలేదు.

"యాడో కొండల బొమ్మ చేస్తే కడుపు నిండుతుందా సార్?" అన్నాడు.

ప్రదర్శనకు ఒక్కసారి వచ్చి చూడు, ఆ తర్వాత నీ ఇష్టమన్నాను. సరేనన్నాడు.

రేకు మీద మట్టికొండ, దాని నెత్తిన ఐసుదిమ్మె, కింద గులకరాళ్ల ఏరు. ఎండలో పెడితే ఐసు కరిగి ఏరు పారుతుంది. మాకు ఏది కొదవైనా ఎండకు కొదవ లేదు కదా. మంచుకొండల ఏరు ఎండాకాలంలోనే నిండుగా పారుతుందని చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. ఎండలు ముదిరాక నిండే ఏటిని వాళ్లు కథల్లోనైనా విన్నవాళ్లు కారు.

తీరా ప్రదర్శన ముందురోజు చూస్తే గంగాదేవి ఆ ఏట్లో ఒక చెలమ తీసి పెట్టింది. ఎండిన ఏట్లో ఇసుక తవ్వితే నీళ్లూరే గుంటే చెలమ. మా పిల్లలు ఏ దేశపు ఏరు గీసినా అందులో చెలమ ఉండాల్సిందే. నేను తల పట్టుకున్నాను. పూడ్చెయ్యమన్నాను.

"ఉండనీ సార్, దాంతో పనుండాది" అంది. ఆ పిల్ల మొండితనం నాకు తెలుసు. మోడల్ నీది, మాట పడితే నువ్వే పడాలని చెప్పి వదిలేశాను గాని, రాత్రంతా గుబులే.

మర్నాడు ఎండ ఎక్కేసరికి మా ఏరు గలగలా పారింది. నాకైతే ఛాతీ ఉబ్బిపోయింది. అంతలో న్యాయనిర్ణేతగా వచ్చిన కాలేజీ లెక్చరర్ చెలమ దగ్గర ఆగి, ఆల్ప్స్‌లో ఇదేమిటమ్మా అని అడిగాడు. వెనకాల ఓబులేసు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

గంగాదేవి పక్కనున్న పొట్టు బుట్ట అందుకుంది. ఐసు మీద పొట్టు పోసి, రెండు గోనెసంచులు కప్పింది. కాసేపటికి ధార సన్నబడింది. ఇంకాసేపటికి రాళ్ల మీద తడి మాత్రమే మిగిలింది. అప్పుడు చెలమ చూపించింది. అందులో నీళ్లున్నాయి.

"ఇది వాళ్ల చలికాలం సార్. మంచు కరగదు, ఏరు సన్నబడతాది. మన కరువు ఎండల్లో వస్తే, వాళ్ల ఏటికి చలిలో వస్తాది. అప్పుడు కూడా రాళ్ల కింద నీళ్లుంటాయి."

లెక్చరర్ ముఖం వెలిగిపోయింది. పాఠంలో ఉన్నదే, ఇలా కళ్లకు కట్టించినవాళ్లను చూడలేదన్నాడు. మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది సైన్సువాళ్లకే పోయింది, పోనీ.

అందరూ కదిలాక ఓబులేసు మోడల్ ముందు గొంతుక్కూర్చున్నాడు. మా ఏట్లో కూర్చున్నట్టే కూర్చుని, చెలమలో వేలు పెట్టి లోతు చూశాడు.

"చెలమ తీసే చోటు కనిపెట్టింది సార్ నా బిడ్డ. దీన్ని ఇటుకలు మోసే కాడికి తీసకపోను. హాస్టల్లో రాయించండి."

నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత గర్వపడ్డ రోజు ఇంకోటి లేదు. గంగాదేవి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పిల్లలు బొమ్మలో ఉండకూడనిది గీస్తే, కొట్టివేసేముందు ఎందుకు గీశావని అడగడం ఆ రోజే నేర్చుకున్నాను. ఆ మోడల్ ఇంకా మా స్టాఫ్‌రూంలోనే ఉంది. కొండ బీటలు వారింది, ఏరు దుమ్ము పట్టింది. చెలమను మాత్రం ఎవరినీ పూడ్చనివ్వను.