గాజు పట్టేంత సందు

పాత పలక నుంచి తుప్పు పట్టిన మేకు పీకగానే నానిన చెక్క వాసన గుప్పుమంది. యాభై దాటిన నన్ను ఆ వాసన ఒక్క దూకులో పదేళ్ల పిల్లను చేసింది. ఇంద్రేశంలో మా ఇంటి వెనక, హౌజు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నాయిన వేసిన చెక్క గద్దెను నా చేతులతో నేనే విప్పుతున్నాను. "వడ్లాయనను పిలువరాదమ్మా" అని మా అమ్మాయి గొణుగుతూనే ఉంది. గొణగనీ. ఇది వడ్రంగి చేతికిచ్చే పని కాదు.

ఆ హౌజు నిజానికి కూరగాయల మడికీ బర్రెలకూ నీళ్లు నింపుకునే సిమెంటు తొట్టి. మాకు సముద్రమంటే అదే. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పనికి పోయే నాయిన, అక్కడికి యంత్రాలు వచ్చిన పెట్టెల పలకలు అడిగి తెచ్చుకుని, హౌజు ఒడ్డున నాలుగు మంచాలంత గద్దె వేశాడు. ఎండాకాలం వచ్చిందంటే వాడకట్టు పిల్లలమంతా దాని మీద నుంచి దూకడం, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు నమలడం, వెచ్చని పలకల మీద బోర్లా పడి బట్టలు ఆరబెట్టుకోవడం, మళ్లీ దూకడం; సాయంత్రం షిఫ్టు సైరన్ మోగేదాకా ఇంట్లోకి పోయేది లేదు. నానమ్మ కందిపప్పు ఎండబోసేదీ ఆ గద్దె మీదే. మా తడి కాళ్లు పప్పుకు తగిలితే చేటతో వీపు మీద ఒక్కటిచ్చేది.

ఒకసారి ఎండలు ముదిరాక, పప్పు చేటతో నడిచొస్తున్న నానమ్మ కాలు పుచ్చిన పలకలోంచి మోకాలిదాకా దిగబడింది. పైకి లాగాక ఆమె కాలు చూసుకోలేదు, హౌజును చూసింది.

"ఇగ జాలు. పలకలు పొయ్యిల వెట్టు. హౌజుల మట్టి వోయించు" అంది నాయినతో.

ఆమె మాటంటే మాటే. నాయిన నా మొహం, తల్లి మొహం మార్చి మార్చి చూశాడు. "కొత్త పలకలు ఏస్త అమ్మా. గట్టిగ లేకుంటే నువ్వన్నట్టే పూడ్పిస్త" అన్నాడు.

సెలవు రోజున రంపం పట్టి, పలకకూ పలకకూ మధ్య చిటికెన వేలంత సందు వదిలి పరిచాడు. నానమ్మ ఒప్పుకోలేదు. "గింత సందుంటే నా పప్పంత కిందికే వాయె. దగ్గరికి జరుపు" అంది. నాయిన తల్లి మాట జవదాటే మనిషి కాదు. సందు లేకుండా అంటించి కొట్టేశాడు. నానమ్మ గట్టిగా నాలుగడుగులు తొక్కి చూసి మరీ సరేనంది. నెల రోజులు మాకు పండగే.

మిరుగు నాడు, మృగశిర కార్తె మొదలవుతూనే పట్టిన వాన రెండు రోజులు వదల్లేదు. తెల్లారి చూస్తే పలకలు నీళ్లు తాగి ఉబ్బి, ఒకదాన్నొకటి తోసుకుని, నూనెలో వేసిన అప్పడాల్లా లేచి ఉన్నాయి. నాయిన తల పట్టుకున్నాడు. మట్టి బండి వచ్చేసినట్టే అనుకుని నేను ఏడుపు అందుకున్నాను. నానమ్మ గద్దె చుట్టూ రెండుసార్లు తిరిగింది. తప్పు తనదని ఆమెకు తెలిసింది, కానీ ఒప్పుకునే అలవాటు ఆమెకు పుట్టుకతోనే లేదు. చేతి నుంచి ఒక గాజు తీసి నాయినకిచ్చింది.

"గిది వట్టేంత సందు వెట్టు. పప్పు వడది, పలక ఉబ్బినా జాగ ఉంటది. గాజు పలిగిందంటే మాత్రం ఊకోను, సూడు."

మేకులు దబదబ బాదే నాయిన, ఆ రోజు పసిపిల్లను జోకొట్టినట్టు సుత్తి వేశాడు. పలకల మధ్య గాజు నిలబెట్టి పట్టుకోవడం నా పని, దెబ్బ దెబ్బకూ "మెల్లగ" అనడం నానమ్మ పని. సాయంత్రానికి గాజు చెక్కు చెదరకుండా ఆమె చేతికి చేరింది. హౌజు మాకు మిగిలింది. అందరికంటే ముందు నేనే దూకాను, కావాలనే నానమ్మ మీద నీళ్లు పడేలా.

నాయిన ఉన్నన్నాళ్లూ పుచ్చిన పలక మారుస్తూ వచ్చాడు. ఆయన పోయాక గద్దెను ముట్టుకున్నవాళ్లు లేరు. ఇప్పుడు బర్రెలు లేవు, మడి లేదు, చుట్టూ అన్నీ కొత్త ఇళ్లే. హౌజు పూడ్చి రెండు గదులేస్తే కిరాయి వస్తుందని సలహా ఇచ్చేవాళ్లకు మాత్రం కొదవ లేదు. నేను పాతవన్నీ విప్పి కొత్త పలకలు తెప్పించాను. సందు కొలుద్దామంటే నా చేతికి గడియారం తప్ప ఏమీ లేదు, మా అమ్మాయి చేతికి అదీ లేదు. పటాన్‌చెరు పోయి డజను ఎర్రగాజులు కొనుక్కొచ్చాను. ఒకటి పలకల మధ్య నిలబెట్టి సుత్తి ఎత్తగానే అమ్మాయి నవ్వింది.

"గాజెందుకమ్మా? నడుమ ఒక మేకు వెడితే అయిపాయె గద."

"మేకైతే గట్టిగ కొడ్తం బిడ్డా" అన్నాను. ఆ మాట అంటుంటే నానమ్మ మీద బెంగ ముంచుకొచ్చింది.

అమ్మాయి ఏమనుకుందో, వచ్చి నా ఎదురుగా కూర్చుని గాజు పట్టుకుంది. నేను సుత్తి దించబోతుంటే కళ్లు గట్టిగా మూసుకుని, "మెల్లగ" అంది.