నేను చేయని ప్రార్థన

పోయిన నెల మా పెండ్లిరోజున నస్పూర్‌లోని మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. ఇరవై అయిదేళ్లు కలిపి నడిపించిన దేవునికి స్తోత్రం చెప్పుకుని, వచ్చినవాళ్లకు ఇంత బగారన్నం, మాంసం కూర పెట్టి పంపాలన్నదే మా ఉద్దేశం. అయితే కొత్తగా వచ్చిన చిన్న అయ్యగారు వాక్యం చెబుతూ చెబుతూ, వెనక చాపల మీద కూర్చున్న యవ్వనస్థుల వైపు తిరిగి, ప్రేమంటే తొందర కాదు, దేవుని చిత్తం కోసం రెండేళ్లు ప్రార్థనలో కనిపెట్టుకుని ఎదురుచూసిన ఈ అంకుల్‌ను చూసి నేర్చుకోండని నన్ను చూపించారు. అందరూ ఆమెన్ అన్నారు. వంటింటి గడపలో నిలబడ్డ నా భార్య మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంది. సాక్ష్యం చెప్పమంటే లేచాను గానీ, గొంతు పట్టుకుందని చెప్పి మళ్లీ కూర్చున్నాను. ఆ రెండేళ్ల సంగతి ఎరిగిన నా ఈడువాళ్లు మన సంఘ పత్రిక చదివే మీలో కొందరైనా ఉంటారు. మీకు తెలిసింది కూడా సగమే గనుక మిగతా సగం రాస్తున్నాను.

మాది బోథ్ దగ్గర పత్తి పండించుకునే కుటుంబం. ఐటీఐ చదివి, బొగ్గుబాయి వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా కుదిరి ఇక్కడికి వచ్చినప్పుడు నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆదివారం గుడికి పోతే, డోలక్ వాయించే పెద్దాయన రిటైరై సొంతూరు పోయాడని తెలిసి, వచ్చీ రాని చేత్తో నేనే దాని ముందు కూర్చున్నాను. పాట ఎత్తుకునే అమ్మాయి నా తాళం తప్పినప్పుడల్లా కోపంగా చూడకుండా, పాటనే కాస్త నెమ్మది చేసి నన్ను కలుపుకుని పోయేది. ఆమె తండ్రి బాయిలో పని చేసేవాడు. మంచి మాటకారి, ఆరాధన కాగానే నన్ను చెయ్యి పట్టి భోజనానికి లాక్కుపోయేవాడు. క్రిస్మస్ ముందు ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగిన ఒక సాయంత్రం, చేసుకుంటే నిన్నే చేసుకుంటానని ఆమెతో అన్నాను. ఎవరూ అడగకుండా నా అంతట నేను ఇచ్చిన మాట అది. బాపుకు చెప్తనని మాత్రం అని, ఆమె తలవంచుకుని నడిచింది.

ఆ వెంటనే వచ్చిన ఎండాకాలం బాయిలో పైకప్పు కూలి ఆమె తండ్రి నడుము విరిగింది. ప్రాణం దక్కింది గానీ కాళ్లు పడిపోయాయి. తల్లి అంతకుముందే పోయింది, తమ్ముళ్లిద్దరూ బడిపిల్లలు. ఆమెను చేసుకోవడమంటే ఆ మంచాన్నీ ఆ పిల్లల్నీ కూడా నా మీద వేసుకోవడమేనని అర్థమయ్యాక నాకు భయం పట్టుకుంది. చేసుకోనని చెప్పే ధైర్యమూ లేదు. అప్పుడు నోటికి దొరికిన మాట, ప్రార్థనలో పెట్టానని. మన మధ్య ఆ మాటకున్న బలం మీకు తెలుసు కదా, అలా అన్నవాణ్ణి ఎప్పుడు తేలుస్తావని ఎవరూ నిలదీయరు. యవ్వనస్థుల కూడికలో ప్రార్థన మనవిగా కూడా చెప్పాను. సంఘమంతా నా కోసం ప్రార్థించింది, పెద్దమ్మలు ఉపవాసం కూడా ఉన్నారు. చేయనివాణ్ణి నేనొక్కణ్ణే. మోకరిస్తే వచ్చే జవాబు ఏమిటో నాకు ముందే తెలుసు, అందుకే ఆ ఒక్క విషయం తప్ప లోకంలోని మిగతా విషయాలన్నిటికీ మోకరించాను.

నింద మాత్రం ఆమె మీద పడింది. ఇంటి బాధ్యతలు చూసుకుని పిల్లే తేల్చడం లేదని, మంచి పిల్లగాణ్ణి ఆశపెట్టి ఆపిందని అనుకునేవారు. నా చెవినా పడేది, ఊరుకునేవాణ్ణి. ఇచ్చోడలో టీచరుగా చేసే అబ్బాయి, ఆమె తండ్రిని కూడా తెచ్చుకుని చూసుకుందామని కబురు పంపితే, నా మాట మీద నిలబడి ఆమె ఆ సంబంధమూ వద్దంది. రెండో ఏడు చివర ఒకరోజు పాటల ప్రాక్టీసు అయిపోయి, పిల్లలు చాపలు చుడుతుంటే, డోలక్‌కు గుడ్డ తొడుగుతున్న నా ముందుకు వచ్చి నిలబడింది.

“దేవుడు జవాబు ఇస్తలేడా, నువ్వే అడుగుతలేవా?” అంది, గొంతు పెంచకుండానే. “ఇచ్చోడోళ్లు మల్ల అడిగిన్రు. ఆదివారం దాకా చూస్త. అటెంక నా పేరు మీద ప్రార్థన బంద్ చెయ్.”

మరునాడు షిఫ్ట్ దిగి, చేతుల నూనె కూడా సరిగా కడుక్కోకుండా వాళ్ల క్వార్టర్‌కు పోయాను. ఆమె తండ్రి మంచాన పడ్డప్పటి నుంచి పండ్లు ఇచ్చి గడపలో నుంచే మళ్లేవాణ్ణి, మంచం దాకా పోయింది అదే మొదలు. ఏదో చెప్పబోతే, మాటలు తర్వాత, ముందు జర లేపి కూసోబెట్టమన్నాడు ఆయన. ఎక్కడ పట్టుకోవాలో తెలియక తడబడుతుంటే ఆమె వచ్చి, నా చేతులు ఆయన చంకల కిందికి పెట్టి చూపించింది. కూర్చోగానే, “ఏం బిడ్డా, పైనుంచి ఆర్డర్ వచ్చిందా?” అన్నాడు. నేను దేవుణ్ణి అసలు అడగనే లేదని, భయపడ్డానని, చేసుకుంటే ఇప్పటికీ ఆమెనేనని, ఆ రెండేళ్లలో మొదటిసారి నిజం చెప్పాను.

“అడగకనే మా పిల్లను ఇన్ని దినాలు పరేషాన్ చేసినవా? గా ముక్క మొదలే చెప్తే నేనే నిన్ను ఎల్లగొడుతుంటి,” అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“గీ మాట సంఘంల చెప్తవా?” అంది.

చెప్తానన్నాను. ఆదివారం గుడిలో మా పెండ్లి ప్రకటన చదవగానే, నీ ప్రార్థన ఫలించిందని అందరూ చేతులు కలుపుతుంటే నోరు రాలేదు. ఆమె మళ్లీ ఎన్నడూ గుర్తు చేయలేదు. ఇన్నేళ్లకు ఇప్పుడు చెబుతున్నాను: ఆమె నన్ను ఆపలేదు, నేనే ఆమెను ఆపాను.

మామ చివరిదాకా మాతోనే ఉన్నాడు. పొద్దున లేపి కూర్చోబెట్టడం, పక్క మార్చడం మొదట్లో మొహమాటంగా ఉన్నా పోను పోను ముద్ద తిన్నంత మామూలైంది. బామ్మర్దులు చదువుకుని నిలదొక్కుకున్నారు. నా పిల్లలు ఆయన మంచం అంచున కూర్చుని వాక్యాలు కంఠస్థం చేశారు, తప్పు పోతే ఆయనే కావాలని ఇంకో తప్పు చెప్పి నవ్వించేవాడు. ఏది నా మెడకు పడుతుందని భయపడ్డానో దానివల్లే మా ఇల్లు ఇల్లయింది. ఇచ్చిన మాట తప్పనివాడు దేవుడని పాడుకుంటాం. మాట తప్పబోయిన నాకు ఆయన మాట తప్పని మనిషిని ఇచ్చాడు. నా స్తోత్రమంతా అందుకే.

మా పెండ్లినాడు మామను బాయి దోస్తులు కుర్చీతో సహా ఎత్తుకొచ్చి ముందు వరసలో దించారు. ఎవరిదో కోటు ఆయన భుజాలకు వదులైంది. అయ్యగారు ఒక్కో ప్రమాణం చెప్పించి, వ్యాధిలోనూ విడువనన్న మాట దగ్గరికి రాగానే నా చూపు మామ మీద పడింది, ఆయన తల ఊపాడు. ఇప్పుడు పెండ్లిళ్లు ఫంక్షన్ హాళ్లలో గొప్పగా అవుతున్నాయి, పిల్లలు మాకన్నా చదువుకున్నవాళ్లు, మాకన్నా ధైర్యంగా మనసు విప్పి మాట్లాడుకుంటారు, సంతోషమే. విడువననే ఆ మాట చెప్పించేటప్పుడు మాత్రం నేను ఇప్పటికీ ముందు వరస వైపే చూస్తాను. అక్కడ కెమెరాలు పట్టుకున్న పిల్లగాళ్లు నిలబడి ఉంటారు. వాళ్ల వెనక ఎవరు కూర్చున్నారో కనిపించదు.