నిద్రలో ఉన్న పురుక్కి ఆకు వేయరు

గూళూరు లక్ష్మీదేవమ్మ విచారించకుండా చేసిన పని ఒక్కటీ లేదు. కుక్కర్ కొనాలన్నా బాగేపల్లిలో నాలుగు అంగళ్ళు తిరిగి, అది కొన్నవాళ్ళ ఇళ్ళకు పోయి, విజిల్ విని మరీ వచ్చేది. పెళ్ళిచూపుల్లో పెద్దలు అడగని ప్రశ్నలన్నీ ఆమే అడిగిందట. అప్పుడు మొదలుపెట్టిన జవాబులు మొగుడు బయ్యప్ప ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు.

పోయిన ఏడాది ఆ జవాబులు ఆగిపోయాయి. బయ్యప్ప మంచం దిగడం మానేశాడు. సంగటి ముందు పెడితే దాన్ని చూస్తూ కూర్చునేవాడు. పట్టుపురుగులకు ఆకు సన్నగా తరగలేదని ఇంటిల్లిపాదినీ తిట్టే మనిషి, షెడ్డు వైపే పోలేదు, ఎవరినీ ఒక్క మాటా అనలేదు. ఆయన తిట్లు తప్పితే హాయి అనుకున్న కోడలు శశికళే వారం తిరక్కుండా భయపడిపోయింది.

చిక్కబళ్ళాపురంలో మనసు జబ్బులు చూసే డాక్టరు నయన, ఇది సోమరితనం కాదు, డిప్రెషన్ అనే జబ్బు అని చెప్పి రోజుకో మాత్ర రాసింది. నాలుగైదు వారాలు ఓపిక పట్టమంది. నెల తర్వాత పోతే, "మాత్రలు ఇస్తాండారా?" అని అడిగింది. "ఇస్తాండానమ్మా" అంది లక్ష్మీదేవమ్మ. అందులో అబద్ధమేమీ లేదు. డాక్టరు మోతాదు పెంచింది. ఇంకో నెల గడిచినా బయ్యప్ప మంచానికే అతుక్కుని ఉన్నాడు.

ఇక లక్ష్మీదేవమ్మ విచారణకు దిగింది. మొదటి మందుకు లొంగకపోతే తర్వాత ఏముందో తేలాలి కదా! శశికళ చేత ఫోనులో కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివించుకుంది. మెడికల్ షాపు వాణ్ణి సతాయించింది. చింతామణిలో మునివెంకటమ్మ తమ్ముడికి ఇదే జబ్బు వచ్చిందని తెలిసి, బస్సెక్కి ఆమె ఇంటికి పోయింది. విన్నవన్నీ పురుగుల లెక్క రాసే నోటుబుక్కు వెనక పేజీలో ఎక్కించింది: మాత్ర మార్చడం, రెండో మాత్ర కలపడం, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించడం, మత్తు ఇచ్చి తలకు సన్నగా కరెంటు పెట్టడం. చివరిది రాసే ముందు, తలకు కరెంటా అని రెండుసార్లు అడిగింది.

"భయం ఎందుకమ్మా, మా తమ్మునికి అదే చేసినారు" అంది మునివెంకటమ్మ. "ఇప్పుడు టమాటా మండీలో వాని అరుపులకి మా చెవులు పోతాండాయి."

ఇవేవీ పని చేయకపోతే ఏం చేయాలి అని మాత్రం లక్ష్మీదేవమ్మ ఎవరినీ అడగలేదు. బతుకులో ఆమె నోట్లోనే మింగేసిన ప్రశ్న అదొక్కటే.

మళ్ళీ చిక్కబళ్ళాపురం పోయి, బయ్యప్పను పక్కన కూర్చోబెట్టుకుని, నోటుబుక్కు డాక్టరు ముందు పెట్టింది. "వీటిలో ఏది చేస్తారో మీరే చెప్పాలమ్మా."

నయన చదివి నవ్వింది. "అన్నీ సరిగ్గానే రాసినారు. దానికి ముందు ఒకటి చెప్పండి. మాత్ర రోజూ ఇచ్చినారా?"

లక్ష్మీదేవమ్మ గర్వంగా పేజీ తిప్పింది. పురుగులకు గీసినట్టే మొగుడికీ గళ్ళు గీసింది: తిన్నది, నిద్ర, మాత్ర. మాత్ర గడిలో చాలా చోట్ల సున్న ఉంది. "రోజూ అంటే ఎట్లమ్మా? లేచి కూర్చున్న దినం ఇచ్చినాను. కదలకుండా పడుకున్న దినం ఇయ్యలేదు. నిద్రలో ఉండే పురుక్కి ఆకు ఎయ్యకూడదు కదా."

పట్టుపురుగు పాత పొర విడిచే ముందు ఒక రోజు తినదు, కదలదు. అప్పుడు ఆకు వేస్తే పంట పాడవుతుంది. ఆ పద్ధతి తప్పకుండా పాటించే లక్ష్మీదేవమ్మ పంట ఏనాడూ చెడలేదు.

నయన సున్నలు లెక్కపెట్టింది. అరవై రోజుల్లో ఇరవై ఆరు. "ఇట్ల విడిచి విడిచి ఇస్తే మాత్ర పని చెయ్యదమ్మా. అది మీ ఆయనకి సరిపోతుందో లేదో మనకింకా తెలీదు. రోజూ ఇస్తాండారా అని నేనే ముందు అడగాల్సింది."

చేతిలో వెన్న పెట్టుకుని నేతికి ఊరంతా తిరగడమంటే ఇదే. లక్ష్మీదేవమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయితే నేనే చెడగొట్టినానా?"

బయ్యప్ప నేల చూస్తూ మెల్లగా నోరు విప్పాడు. "దాన్ని ఏమీ అనొద్దమ్మా. నిద్రలో ఉంటే ఎయ్యరు కదా అని నేనూ ఊరుకుంటి."

ఆ తర్వాత ఆరు వారాలు చార్టులో ఒక్క సున్న పడలేదు. గుణం సగమే కనిపించింది. స్నానం చేశాడు, సంగటి తిన్నాడు, గడప మాత్రం దాటలేదు. అప్పుడు నయన లక్ష్మీదేవమ్మ రాసుకొచ్చిన వాటిలోంచే రెండు తీసుకుంది. ఇంకో మాత్ర కలిపింది, వారం వారం మాట్లాడించడానికి రమ్మంది. బాగేపల్లి బస్సులో వారానికో ప్రయాణం మొదలైంది. దారి పొడుగునా లక్ష్మీదేవమ్మే మాట్లాడేది, ఆయన కిటికీలోంచి చూసేవాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున ఆమె షెడ్డులో ఆకు తరుగుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏమే, ఇది పురుగులకా, ఎనుము గొడ్లకా? రెండో నిద్ర లేచిన పురుగు ఇంత లావు ముక్క తింటాదా?"

లక్ష్మీదేవమ్మ కత్తి ఆగిపోయింది. వెనక్కి తిరిగితే ఏడుపొస్తుందని తిరగలేదు.

"ఎంత సన్నగా తరగాలప్పా?" అని అడిగింది.

ముప్పై ఏళ్ళుగా పురుగులు పెంచుతున్న ఆమెకు ఆ సంగతి తెలియక కాదు. బయ్యప్ప పీట లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆమె చేతిలో కత్తి తీసుకుని, ఆకులు మడిచి పట్టుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.