తల మీది లైటు, మెడలోని గింజలు

సర్జరీ నేర్చుకుంటున్న ఆ రోజుల్లో నాకు తెలియనిది ఒకటి ఉంటుందన్న సంగతే నాకు తెలియదు. పైగా కేజీఎఫ్ బంగారు గనుల మనవరాలిని. చిత్తూరు పల్లె నుంచి వచ్చి గనిలో పనిచేసిన మా తాత, "లోపలికి దిగినాక తలకాయ మీది లైటు ఆర్పగూడదు పాపా" అని నాకు అన్నంతో కలిపి తినిపించాడు. అందుకే ఆపరేషన్ థియేటర్లో నా హెడ్‌లైటు అందరికంటే ముందు వెలిగేది, అందరికంటే చివర ఆరేది (బ్యాటరీలు మార్చే అటెండరు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు).

ఒకరోజు శ్రీనివాసపురం నుంచి పాలు పోసే ఒకావిడ మెడలో థైరాయిడ్ గడ్డతో వచ్చింది. దాని వెనక కందిగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు, మామూలుగా నాలుగు ఉంటాయి. పొరపాటున గడ్డతో పాటు అవీ పోతే ఒంట్లో కాల్షియం పడిపోయి వేళ్ళు కొంకర్లు పోతాయి. "ఆరు ఆవులుండాయి డాక్టరమ్మా. పాలు పిండను చేతులు బాగుంటాయి గదా?" అని అడిగింది. "కొత్త కెమెరా వచ్చిందమ్మా, అందులో ఆ గింజలు వాటంతటవే మెరుస్తాయి" అన్నాను, దాన్ని నేనే కనిపెట్టినట్టు.

మా పెద్ద సర్జన్ (చాటుగా మిరపకాయ సారు) మెడ తెరిచి, వేరే వెలుగు పడితే కెమెరా మోసపోతుందని పై లైట్లన్నీ ఆర్పించారు. నేను మాత్రం నా లైటును బాగా తగ్గించి ఊరుకున్నాను. ఆర్పగూడదు కదా! అందరి కళ్ళూ తెర మీదే. "ఒకటి సార్! అదిగో రెండు! ఐదు, ఆరు!" అని లెక్కపెట్టాను.

"ఆరేంది? ఈమె మెడలో పంట పండినాదా?" అన్నారు సారు.

పనిముట్లు అందించే నర్సు, మా వేమగల్ సిస్టరు, నన్ను తేరిపార చూసింది. "ఇంగ చాలమ్మా. నువ్వు యాడ చూస్తే ఆడ మెరుస్తుండాది. ఆ తలకాయ లైటు ఆర్పు ముందు!"

ఆర్పాను. నా ఆరు గ్రంథులూ మాయమై, గడ్డ అంచున అంతవరకూ తెర మీద ఎవరూ గమనించని చుక్క ఒకటి తెల్లగా మిగిలింది. అక్కడ నిజమైన గ్రంథి అదొక్కటే. మెడ తెరవగానే ఆ చోటును చూసి, అది ఉత్త కొవ్వు, గడ్డతో పాటు తీసేయొచ్చని అప్పటికే సారుకు సలహా కూడా ఇచ్చి ఉన్నాను. సారు రక్తనాళం తెగకుండా దాన్ని మెల్లగా విడదీసి, మెడలోనే ఉంచేశారు. తిట్టి ఉంటే కాస్త హాయిగా ఉండేది.

మర్నాడు ఆవిడ మంచం దగ్గరికి నాలుగుసార్లు పోయి, తిమ్మిరిగా ఉందా అని వేళ్ళు నొక్కి చూశాను. ఐదోసారి ఆవిడే నా చేతులు పట్టుకుంది. "నావి బాగుండాయి. వణికేది నీవి డాక్టరమ్మా. ఏమన్నా తిన్న్యావా?"

ఇప్పుడు నేనే పిల్ల డాక్టర్లకు సర్జరీ నేర్పుతున్నాను, చేతులు వణకవు. అప్పటి నాలోని ఆ పొగరుబోతును తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఒక్క మనిషి కోసం ఐదుసార్లు పరిగెత్తింది అదే. ఇప్పటి నేను రెండుసార్లే పోతాను.