పదికి రెండు మార్కుల లారీ

ఆ రోజుల్లో నాకు ఏదీ నచ్చేది కాదు. నచ్చకపోవడమే చదువుకున్నవాడి లక్షణమని గట్టిగా నమ్మిన కాలం అది. అమ్మ చేసిన పప్పులో ఉప్పు చాలలేదనేవాణ్ణి, సినిమా రెండో సగం తేలిపోయిందనేవాణ్ణి, మార్కాపురం బస్టాండులో టీ తాగి ‘రంగుంది, రుచి లేదు’ అని గ్లాసు పక్కన పెట్టేవాణ్ణి (పూర్తిగా తాగాకే పెట్టేవాణ్ణి, ఆ సంగతి ఎవరూ గమనించలేదు). డిగ్రీ పాసై ఏడాదిగా ఇంట్లో ఊరికే కూర్చున్నవాడికి అంత నోరెందుకో ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు మండుతుంది. అప్పుడు మాత్రం ఊళ్ళో మంచిచెడ్డలు తేల్చగలవాణ్ణి నేనొక్కణ్ణేననీ, పాపం ఊరికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదనీ బాధపడేవాణ్ణి.

ఆ బాధ తీర్చినవాడు మా బావ. మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద. తర్లుపాడు దగ్గర పల్లె వాళ్ళది. మామ చిన్నప్పుడే పోయాడు. అత్త మిరపకోతలకూ కందికోతలకూ కూలికి పోయి బావను పదో తరగతి దాకా లాక్కొచ్చింది. ఆ తర్వాత బావ కొన్నాళ్ళు అవీ ఇవీ చేసి, బోర్లు వేసే బండెక్కి రెండేళ్ళు ఊరుకాని ఊళ్ళలో తిరిగి వచ్చాడు. వచ్చినప్పుడు ఒళ్ళంతా రాతిపొడి, మాట్లాడితే పక్కింటివాళ్ళతో గొడవ పడుతున్నట్టు కేకలు. ఆ మోతలో అట్లా అలవాటైపోయింది. ‘మళ్ళీ ఆ బండి మాత్రం ఎక్కను, సచ్చినా ఎక్కను’ అన్నాడు. ఎక్కకుండా ఉండాలంటే ఇంకేదో ఒకటి చెయ్యాలి కదా. అత్త చీటీ పాడి ఇచ్చిన డబ్బుతో బస్టాండు వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని, రెండు పాత టీవీలు, రెండు సెకండ్ హ్యాండ్ గేమ్ పెట్టెలు, డజను సీడీలు పెట్టి, గంటకింతని తీసుకుని వీడియో గేములు ఆడించడం మొదలుపెట్టాడు. ప్రారంభం రోజు అత్త ఆ పెట్టెల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ‘ప్రభువా, ఈ పెట్టెలను కాపాడు తండ్రీ, నా బిడ్డను మళ్ళీ ఆ బండెక్కనీయొద్దు తండ్రీ’ అని ప్రార్థన చేసింది. పక్కన నిలబడి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. కాబట్టి మా ఇంట్లో ఎక్కడ చూసినా అంచు విరిగిన పలకలే. నీళ్ళకుండ మీద మూత పలక, దీపం కింద పలక, కుంటిమంచం కోడు కింద పలక. వాటిలో ఒక పెద్దదాన్ని తీసుకుపోయి బావ గది తలుపు పక్కన మేకుకు తగిలించాను. దాని మీద బలపంతో ఆట పేరు, కింద గుణాలు, ఇంకా కింద దోషాలు, చివర పదికి ఇన్ని మార్కులని రాసేవాణ్ణి. ఈ పద్ధతి హైదరాబాదు ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత ఇంగ్లీషు పత్రికలోంచి ఎత్తుకొచ్చింది (అందులో సగం నాకు అర్థం కాలేదు, వాళ్ళు దేన్నీ పూర్తిగా మెచ్చుకోరన్నది మాత్రం బాగా అర్థమైంది). ‘కుస్తీ ఆట: కండలున్నాయి, కుస్తీ లేదు. అయిదు.’ ‘క్రికెట్ ఆట: అంపైరుకు కళ్ళు లేవు, బ్యాట్స్‌మన్‌కు మెడ లేదు. నాలుగున్నర.’ ‘దయ్యాల ఆట: దయ్యం రాగానే సీడీ ఆగిపోతుంది, అందుకే ఎవరూ చావరు. ఆరు.’

నమ్మండి నమ్మకపోండి, ఈ పలకకు పేరొచ్చింది. బస్సు దిగినవాళ్ళు సంచులు పట్టుకుని సందులోకి వచ్చి చదువుకుని నవ్వుకునేవారు. ‘ఏందబ్బా, ఈ వారం దేనికి ఎన్నేసినాడు మన పంతులు?’ అని టీ అంగడి దగ్గర మాటలు. పలక చదవడానికొచ్చినవాళ్ళలో సగం మంది ఎట్లాగూ వచ్చాం కదా అని లోపలికొచ్చి ఒక గంట కూర్చునేవారు. బావ పొంగిపోయాడు. ‘నీ పలక చూసే వస్తాండారు రా బామ్మర్దీ. నువ్వు రాసుకుంటా పో, మిగతాది నేను చూసుకుంటా’ అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. రెండేళ్ళు బోరు పైపులు మోసిన చెయ్యి, రెండు రోజులు నొప్పి పుట్టింది.

అప్పుడొచ్చింది లారీ ఆట. బావే విజయవాడ పోయి, అట్ట మీద బొమ్మకు పడిపోయి కొనుక్కొచ్చాడు. పేరు చాంతాడంత ఉండేది కాబట్టి అందరం లారీ గేమ్ అనేవాళ్ళం. కొండదారుల్లో లారీ తోలి సరుకు దించి రావాలి, అంతే. ఎవరు చేశారో కానీ నిద్రలో చేసి ఉంటారు. బ్రేకు వేస్తే లారీ ఆగేది, లోడు మాత్రం ఆగకుండా ముందుకు పోయేది. ఆవులు రోడ్డుకు మూరెడు ఎత్తున గాల్లో నడిచేవి. వాన క్యాబిను లోపల కూడా కురిసేది. మూడో కొండ దగ్గర ఎడమ గోడను ఒక పద్ధతిలో గుద్దితే లారీ కొండలోకి దూరిపోయి, కాసేపు అంతా చీకటై, హారన్ మాత్రం మోగుతూ, అవతలి రోడ్డు మీద తేలేది.

బస్టాండు దగ్గర లోడు కోసం ఎదురుచూసే లారీ డ్రైవర్లకు ఈ సంగతి ఎట్లా తెలిసిందో, మధ్యాహ్నాలు గది నిండిపోయేది. వాళ్ళలో పెద్దాయన్ని అందరం మీసాల మామ అనేవాళ్ళం. గిద్దలూరు మనిషి, జీవితమంతా స్టీరింగ్ ముందే గడిపినవాడు. ‘అచ్చం దోర్నాల ఘాటే రా అబ్బాయా! నిజం ఘాట్లో కూడా ఇట్ల కొండలోకి దూరే సందుంటే గంట కలిసొచ్చేది గదా!’ అని పడీపడీ నవ్వేవాడు. ఆవు కనబడితే అందరూ లేచి దండం పెట్టేవారు. క్యాబిన్లో వాన మొదలైతే మీసాల మామ కండువా నెత్తిన కప్పుకునేవాడు. బావ మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. అత్తకు కూడా చెప్పాడు, ‘ఇంక ఆ బండి సంగతి మర్చిపోమ్మా’ అని.

మరి నాకేమైంది? నిజం చెప్పాలంటే రెండు పురుగులు తొలిచాయి. ఒకటి, ఈ ఆటకు నా పలక అక్కర్లేకపోయింది. నన్ను అడగకుండానే జనం నవ్వుకుంటున్నారు! రెండోది ఇంకా సిగ్గుచేటు. ఒకరోజు ఒంగోలులో ఇంజనీరింగు చదివే కుర్రాడొకడు వచ్చి, గాల్లో ఆవును చూసి, నా వైపు తిరిగి, ‘దీన్ని కూడా ఆడతారా మీ ఊళ్ళో?’ అన్నాడు. నా చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రమే పలక మీద రాసేశాను. బ్రేకు, ఆవు, వాన, కొండ, ఒక్కటీ వదల్లేదు. చివర ‘బుద్ధున్నవాడు దీన్ని ఆడడు. పదికి రెండు’ అని రాసి, కింద గీత కూడా గీశాను.

పొద్దున చూస్తే పలక నున్నగా ఉంది. బావ ఉమ్మి పెట్టి తుడిచేశాడు. మళ్ళీ రాశాను. మళ్ళీ తుడిచాడు.

‘ఏంది బావా ఇది? నేను రాసిందాంట్లో అబద్ధమేమన్నా ఉందా?’

‘అబద్ధమని ఎవడన్నాడు? ఇదొక్కటి వదిలెయ్ రా. నీకు పుణ్యముంటది. అయిదో ఆరో వేసి వదిలెయ్.’

‘మార్కులు అడుక్కుంటే వేసేవి కావు బావా.’

ఈ మాట నేనే అన్నాను. అన్నప్పుడు నా గొంతు నాకే ఎంత నచ్చిందో చెప్పలేను.

ఇంకే ఊళ్ళోవాడైనా అక్కడితో ఊరుకునేవాడు, లేదా ఒక కాగితం అంటించేవాడు. నేను మార్కాపురం వాణ్ణి కదా, నాకు తోచింది రాయి! ఫ్యాక్టరీకి పోయి, ఇంకా పలకలుగా చీల్చని మందపాటి బండ ఒకటి నాయనను అడిగాను. దేనికన్నాడు. బావ అంగడికి బోర్డన్నాను. మా నాయన మురిసిపోయాడు. తానే బండ ఏరాడు, తానే అంచులు నున్నగా చేశాడు, ఉలి సానబట్టి నా చేతికిచ్చి, ‘మెల్లగ కొట్టు నాయనా, గట్టిగ కొడితే పొర లేస్తది’ అని దగ్గర కూర్చుని నేర్పాడు. పలక మీద రాసిన ముక్కలన్నీ, చివరి ‘పదికి రెండు’తో సహా, నాలుగు రోజులు చెక్కాను. అయిపోయాక నాయన తడిగుడ్డతో తుడిచి, అక్షరాల మీద వేలు పెట్టి నడిపి, ‘ముత్యాల్లాగున్నాయి రా. మీ బావకు మేలు జరగాల’ అన్నాడు. ఊరి పిల్లలందరికీ పలకలు చేసిన మా నాయనకు చదువు రాదు.

బండను రిక్షాలో తెచ్చి తలుపు పక్కన నిలబెట్టాను. బావ బయటికొచ్చి మొత్తం చదివాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను, రెంటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. ‘చెక్కినావుగా. ఉండనీలే’ అని లోపలికి పోయాడు. ఆ జవాబులన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

మధ్యాహ్నం మీసాల మామ వచ్చి రాయి ముందు ఆగాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చివరిదాకా చదివాడు. ‘అంటే మనకు బుద్ధి లేదన్నమాట’ అని నవ్వాడు. అందరూ నవ్వారు. లోపలికొచ్చి ఆడాడు కూడా. కానీ ఆ రోజు ఆవు కనబడితే ఎవరూ లేవలేదు. ‘అవునబ్బా, గాల్లో ఉంది చూడు, ఎంత మోసం’ అన్నాడొకడు. వాన కురిస్తే కండువా భుజం మీదే ఉండిపోయింది. మర్నాడు మామ రాలేదు. చదువుకున్నోడు రాతి మీద చెక్కినాడంటే ఉట్టిగనా అని బస్టాండులో అనుకున్నారట. వారంలో డ్రైవర్లు, నెలలో మిగతావాళ్ళు పలచబడ్డారు. దసరా వెళ్ళేసరికి బావ గది ఖాళీ చేసి, టీవీలూ పెట్టెలూ అమ్మేసి, బోరు బండెక్కాడు. అందరి చేతుల్లోకీ అప్పుడే పెద్ద ఫోన్లు వచ్చాయి, గది ఎట్లాగూ మూతబడేదే అని చెప్పుకోవచ్చు. చాలా ఏళ్ళు అట్లాగే చెప్పుకున్నాను.

ఇప్పుడు నా ఉద్యోగం ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. హైదరాబాదులో ఒక కంపెనీలో కూర్చుని, తయారవుతున్న ఆటల్లో తప్పులు పట్టి రాస్తాను. జీతమిస్తారు. ఆవు గాల్లో నడిస్తే నేలకు దింపిస్తాను.

మొన్నామధ్య బావ రెండు గదుల ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టుకుంటే తర్లుపాడు వెళ్ళాను. పాస్టరుగారి ప్రార్థన, భోజనాలు అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోతే, కుళాయి కింద నేను చెక్కిన ఆ బండ పరిచి ఉంది. దాని మీద మా చెల్లెలు, అంటే బావ భార్య, చొక్కా రుద్దుతోంది. నన్ను చూసి, ‘ఈ రాయి భలే ఉందన్నా. అక్షరాలున్నాయి కదా, మురికి బాగా పోతది’ అంది. పాపం, ఎవరు చెక్కారో ఆమెకు తెలియదు. ఆవూ వానా అరిగిపోయాయి. చివరి వరస మాత్రం లోతుగా చెక్కినట్టున్నాను, చెక్కుచెదరలేదు.

బావ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ నోట్లో నానబెట్టుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. ‘బావా, ఆ రోజు నేను చేసింది తప్పే’ అన్నాను. నా పెదాలు కదలడం మాత్రం చూసి బావ, ‘ఆ పక్క చెవి పోయింది రా, బోరు బండి మోతకు. ఇటు పక్కకొచ్చి చెప్పు’ అన్నాడు. ఇటు పక్కకు వెళ్ళి మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఎంత కష్టమో!

‘తప్పేముంది, ఉన్నదే రాసినావు’ అన్నాడు బావ. ‘కానీ ఒకటి రా బామ్మర్దీ. మధ్యాన్నం డ్రైవర్లు రాకముందే నేను కూడు తినొచ్చేసరికి ఆ పెట్టె కాల్తాండేది. రోజూ. లోపల లారీ గేమ్ సీడీనే ఉండేది. నేను పోంగానే నువ్వు కూసోని ఆడేవాడివి గదా?’

నిజమే. రోజూ ఆడాను. మూడో కొండలోకి ఎన్నిసార్లు దూరానో లెక్కలేదు. చీకట్లో హారన్ మోగినప్పుడల్లా ఒక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి.

‘మరి అప్పుడే ఆ మాట అనలేదేం బావా?’

‘అందరి ముందర నిన్నేమని చిన్నబుచ్చేది? తప్పులన్నీ రాసినావు గదా, కింద “అయినా నేను రోజూ ఆడతాండా” అని ఒక్క ముక్క రాసుంటే సాలు. ఆ మీసాల మామ రావడం మానేవాడు కాదు’ అన్నాడు. కోపంగా కాదు, అరిచినట్టే, మామూలుగా ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే. ఇంట్లోంచి అత్త ఎవరితో గొడవ అని కేకేసింది. ఏం లేదులే అన్నాం ఇద్దరం.

బావ లోపలికి పోయాక అక్కడే నిలబడి, నాలుగు రోజులు నాయన పక్కన కూర్చుని ఉలి పట్టుకున్న ఆ ఇరవై రెండేళ్ళ పంతుల్ని తలుచుకున్నాను. తిట్టుకుందామనుకుంటే నవ్వొచ్చింది, మంచి నవ్వేం కాదులెండి. చివరి వరస కింద రాయి మీద ఇంకా జానెడు చోటుంది, ఆ ఒక్క ముక్కా సరిగ్గా పడుతుంది. ఇంతలో మా చెల్లెలు ‘కొంచెం జరుగన్నా’ అని తడి చొక్కా తెచ్చి సరిగ్గా ఆ చోటులోనే పరిచి, సబ్బు తీసుకుంది.