రొట్టె తిప్పే చెయ్యి

నా సోరియాసిస్‌కు నెలనెలా వీడియో కాల్‌లోనే వైద్యం. ఈ రోజు కూడా మారేడ్‌పల్లిలో మా ఇంట్లోనే చొక్కా విప్పి కూర్చున్నాను. మా ఆవిడ సబిత ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో నా వీపు మీద చూపిస్తూ, "గిక్కడ సుత తగ్గలే మేడం" అంది.

డాక్టరమ్మ నా వీపు సంగతి వదిలేసింది.

"ఆ చెయ్యి ఎవరిది? మణికట్టు దగ్గర ఆ తెల్లమచ్చ ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"నాదే మేడం. శోభి మచ్చ. రెండేండ్లాయె. దురద లేదు, నొప్పి లేదు."

సబితను అటు తిరగమని, నన్ను మచ్చ మీద పెన్ను మొనతో మెల్లగా గుచ్చమంది డాక్టరమ్మ. రెండుసార్లు గుచ్చాను.

సబిత కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "ఇంకెప్పుడు గుచ్చుతవ్?"

 డాక్టరమ్మ, "కుష్టు కావచ్చు. భయపడకండి, మందులున్నాయి. రేపు పొద్దున్నే ఆమెను ఆసుపత్రికి తీసుకురండి" అంది. నా మందుల చీటీ మాట డాక్టరమ్మకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

ఈ రెండేళ్లుగా సబిత పెనం మీది రొట్టెను వేళ్లతోనే తిప్పేస్తోంది. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ పనితనాన్ని గొప్పగా చెప్పుకున్నది నేనే. మీ ఇంట్లోనూ అలాంటి చెయ్యి ఉంటే, మెచ్చుకునే ముందు ఒక్కసారి గిల్లి చూడండి.